గసడదవలు మనకేనా?

వినడం కూడా రోత పుట్టించే పనే అని కోకాపేట ఆఫీసులో చేరాకే తెలిసింది. యంత్రాలకు భాషలు నేర్పడానికి మా దగ్గరికి మనుషుల గొంతులు వస్తాయి. రికార్డింగు విని, రాసిన పాఠంతో సరిపోతే ఉంచాలి, లేకపోతే తీసేయాలి. అదే నా ఉద్యోగం.

ఒకసారి ఫోరే భాష వచ్చింది. పాపువా న్యూగినీ కొండల్లోని భాష. మాట్లాడింది ఓ ముసలమ్మ. మా టీమ్ లీడ్ కృష్ణా జిల్లా మనిషి. ఆ పేరు ఫోన్‌లో వెతికి, ఒకప్పుడు శవాలను తిన్న జాతట అని నవ్వాడు. ఛీ, ఆ నవ్వుకే నా టిఫిన్ డబ్బా మూసేశాను.

ముసలమ్మ మాట మొదట్లో పలికే 'ప' మన పకారంలాంటిదే. అదే రెండు అచ్చుల మధ్య పడితే మెత్తబడి 'వ'లా వినిపించేది. 'త' అయితే 'ర'లా, 'క' అయితే 'గ'లా. పాఠంలో రాసింది మాత్రం ప, త, కలే. మధ్యమధ్య గొంతు టక్కున పట్టి వదిలేది, అదీ వాళ్ళకొక హల్లే. రికార్డింగులతో వచ్చిన సూచనల్లో ఇదంతా రాసే ఉంది. చదివిందెవరు? సాఫ్ట్‌వేర్ ఆ గొంతు పట్టును దగ్గనుకుని కత్తిరించింది. మిగతాది ఆవిడకు నోరు తిరగకపోవడమని లీడ్ తేల్చాడు, మొత్తం తీసేయమన్నాడు. ఆ భాషకు మా దగ్గరున్నది ఆమె గొంతొక్కటే.

మా తమ్ముడు మియాపూర్ వోయిండని నేనంటే, 'పోయాడు' అని అందరి ముందూ దిద్దే పెద్దమనిషి ఇతనే. నాకు ఒళ్ళు మండింది.

"కూర, కాయ కలిస్తే కూరగాయలు అయితయి గద సార్. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. బడిల చదివిన గసడదవల లెక్కనే ఇది. మనకైతే సంధి, ఆమెకైతే తప్పా?"

తలూపాడు. బుర్రకెక్కిందేమోనని ఆశపడ్డాను.

"మనది వ్యాకరణమండీ," అన్నాడు. "వాళ్ళకేముంటుంది?"

థూ అనబోయి మింగేశాను. నేను మాత్రం తీసేయనని చెప్పాను. సమోసా తిన్న వేళ్ళతోనే నా మౌస్ లాక్కుని, తనే ఒక్కొక్కటిగా తుడిచేశాడు. మౌస్ అంతా నూనె జిడ్డు. తర్వాత కుర్చీ నాకిచ్చి, ఫోల్డర్‌లో ఇంకేమైనా మిగిలాయా అని అడిగాడు.

"అన్నీ వోయినయి సార్," అన్నాను.

"పోయాయి అనాలండీ," అని దిద్దాడు.