వినాయకుడికి తొండం ఆపరేషన్

పోయిన గురువారం ఊరి చివర హెబ్బగోడిలో నేను వినాయకుడికి తొండం ఆపరేషన్ చేశాను. నవ్వకండి! మత్తుమందు లేదు, చేతిలో ఉన్నది స్క్రూడ్రైవరు. పేషెంటు క్షేమంగానే ఉన్నాడు. డాక్టరమ్మకే ఇంకా పూర్తిగా నయం కాలేదు. టీ పోసుకోండి, మొదట్నుంచీ చెప్తాను.

నా పని మీకు తెలుసు కదా, మొజాయిక్. గ్లాస్ టైల్స్‌ని చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలతో బొమ్మలు పేరుస్తాను. "నిక్షేపంలా ఉన్నవాటిని పగలగొట్టి మళ్ళీ అతికించడానికా నిన్ను ఫైన్ ఆర్ట్స్ చదివించింది?" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన మనిషి, వాటంతట అవి విరిగితేనే అతకడం ఆవిడకి తెలుసు. ఇన్నాళ్ళూ నాకు వచ్చినవన్నీ చిల్లర ఆర్డర్లే. నేమ్‌బోర్డులు, టీపాయ్‌లు, అద్దం చుట్టూ ఆకులూ పువ్వులూ. గోడకి పెట్టే ఆర్డర్ మాత్రం ఇదే మొదటిది.

ఇచ్చినావిడ గంగమ్మవ్వ. బళేపేటలో గాజుల అంగడి వాళ్ళది. డెబ్బై దాటినా ఇప్పటికీ గల్లా దగ్గర ఆవిడే కూర్చుంటుంది. కొడుకు హెబ్బగోడిలో ఇల్లు కట్టాడు, వాకిలి పక్క గోడకి నాలుగడుగుల వినాయకుడు కావాలి. ఆ వీధిలో ఇంకా కడుతున్న ఇళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. గృహప్రవేశానికి వీధంతా వస్తుంది. బాగా కుదిరిందా, రెండేళ్ళు నాకు గోడలే గోడలు. కుదర్లేదా, మళ్ళీ టీపాయ్‌లే.

అవ్వ ఒకే ఒక్క కండిషన్ పెట్టింది.

"రూతమ్మా, ఎడమ తొండం వినాయకుడే కావాల. కుడి తొండమంటే శానా నిష్ఠ. దినామూ మడి కట్టుకోని పూజ చేయాల. నా కోడలు ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకు పోతాది, నాకా మోకాళ్ళు. ఎవురు చేసేది?"

నేను సండే స్కూల్లో పెరిగినదాన్ని. తొండానికి కుడి ఎడమలుంటాయనీ, వాటికి వేరే వేరే రూల్స్ ఉంటాయనీ నాకు అప్పుడే తెలిసింది. అందుకని జాగ్రత్తగా అడిగాను. "మన ఎడమా అవ్వా, ఆయన ఎడమా?"

"ఆయన తొండానికి మన ఎడమతో ఏం పనే? ఆయన ఎడమే!"

పోయేముందు ఒక గుడ్డసంచీ చేతిలో పెట్టింది. అంగట్లో జత పోయిన గాజులట, ఎన్నేళ్ళవో! "పారేసేకి మనసు రాలేదు. వీట్ని ఆ సామి కిరీటానికి పెట్టు" అంది. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ సంచీ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

ఇంటికి రాగానే డ్రాయింగ్ పేపర్ పైన స్కెచ్‌పెన్‌తో రాసుకున్నాను: 'లెఫ్ట్! లెఫ్ట్! లెఫ్ట్!' ఇరవై రెండు రోజులు పని. రోజూ పొద్దున కాఫీ కప్పుతో బల్ల దగ్గర నిలబడి చెక్ చేసేదాన్ని. తొండం ఎటు? ఆయన ఎడమకి. శభాష్ రూతూ! వారానికోసారి అవ్వకి ఫోటో కూడా పంపాను. "కరెక్టుగా ఉండాది" అని మనవరాలి చేత వాయిస్ మెసేజ్ పెట్టించింది. ఇంత పకడ్బందీగా నేను నా పెళ్ళి కూడా చేసుకోలేదు.

గురువారం పొద్దున బొమ్మని హెబ్బగోడికి తీసుకెళ్ళాం. మర్నాడు ఏడుంబావుకి ముహూర్తం. నాతో మునియప్పన్న ఉన్నాడు. తాపీ మేస్త్రీ, యాభై ఏళ్ళుంటాయి, గోడ పని ఎప్పుడొచ్చినా ఆయన్నే పిలవాలని మా కజిన్ చెప్పింది. అవ్వ వాళ్ళు సాయంత్రం దాకా రారు, బళేపేటలోనే పూజ సామాను కొనుక్కుంటున్నారు.

పెద్ద బొమ్మల్ని ఎలా పెడతామో ఇక్కడ చెప్పాలి. ముక్కల్ని ఇంట్లో కాగితం మీద మైదా జిగురుతో బోర్లా అతికిస్తాం. ఆ షీటుని తీసుకెళ్ళి గోడకున్న తడి సిమెంటులోకి నొక్కుతాం. తర్వాత కాగితం తడిపి లాగేస్తే బొమ్మ బయటపడుతుంది. రబ్బరు స్టాంపు లాంటిదే అనుకోండి. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు ఎటుంటాయో, కాగితం మీద ఎటు పడతాయో మీకు తెలుసు. నాకూ తెలుసు. నేమ్‌బోర్డులకి ఎప్పుడూ డ్రాయింగ్ తిప్పే వేస్తాను.

నేమ్‌బోర్డులకి!

కింద నుంచి కాగితం లాగుతూ వచ్చాం. ఎలుక బ్రహ్మాండం. పొట్ట బ్రహ్మాండం. మొహం దగ్గర కాగితం ఊడింది. మునియప్పన్న స్పాంజి బకెట్లో వేసి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, ఒగ మాట. సామి ఆ పక్కకి తిరగబడినాడే?"

"ఏ పక్కకి?"

"ఏ పక్కకి వద్దన్నారో, ఆ పక్కకే."

నేను డ్రాయింగ్ చూశాను. గోడ చూశాను. మళ్ళీ డ్రాయింగ్ చూశాను. మూడు లెఫ్ట్‌లూ నన్నే చూస్తున్నాయి. ఇసక గుట్ట మీద కూలబడ్డాను. ఇరవై రెండు రోజులు! ఎడమ, ఎడమ అని జపం చేసిందే గానీ, ఒక్కరోజైనా ఈ మొద్దు బుర్రకి గోడ గుర్తుకు రాలేదు. నాకు ఏడుపొచ్చింది, నిజంగా.

అవ్వకి చెప్పేద్దామని ఫోన్ తీశాను. ఒక్క రింగు అయ్యేసరికి భయమేసి కట్ చేశాను. అవ్వే తిరిగి చేసింది.

"ఏమ్మా, ఫోన్ చేసినావు?"

"ఏం లేదవ్వా... కిరీటం బాగా మెరుస్తోంది, చెబుదామని."

"నాకు తెలుసులే. ఆ గాజులు ఉత్తవి కాదు" అని పెట్టేసింది. అబద్ధం చెప్పినదానికి ఆ ముక్క ఇంకాస్త గుచ్చుకుంది.

సిమెంటు గట్టిపడ్డానికి ఇంకా మూడు గంటలైనా పడుతుంది. బొమ్మంతా తీసి మళ్ళీ పేర్చే టైమ్ లేదు. మరి తొండం ఒక్కటే తిప్పితే? "మునియప్పన్నా, ఉలి ఇయ్యి" అన్నాను.

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "దేవుని మొగం మింద ఉలి పెట్టేదా? నా చేత కాదమ్మా. నాకు పిల్లలుండారు."

"నాకూ ఉన్నారన్నా!"

గోడకేసి ఓసారి చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "అయినా ఇంగా పూజ కాలేదు కదా. పూజ అయ్యేదాకా టైల్సే లెక్క." అలా అని తనే తీర్పు చెప్పుకున్నాడు గానీ, ఉలి మాత్రం ఇవ్వలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, లెంపలేసుకుని, జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చాడు. "ఇదైతే నొప్పి తక్కువ."

నేనూ చెప్పులు విప్పాను. మా ప్రభువుకి ఒకమాట, ఎదురుగా ఉన్నాయనకి ఒకమాట చెప్పుకుని మొదలుపెట్టాను.

ఒక్కో ముక్కా ఊడదీసి, వరస తప్పకుండా స్టీలు పళ్ళెంలో పేర్చాను. గ్లాస్ ముక్కకి రెండువైపులా ఒకటే రంగు, తిరగేసి పెడితే వంపు అటు తిరుగుతుంది. కానీ తొండం పోయినచోట పొట్టకి చిల్లు పడింది, కొత్త తొండం రావాల్సినచోట పొట్ట అడ్డం వచ్చింది. దాంతో అటు పొట్ట కోసి ఇటు పొట్టకి అతికించాను. మధ్యలో మా అమ్మ ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. "బ్లీడింగ్ ఏమీ లేదు కదా?" అంది. ఆవిడది జోకో, అలవాటో ఇప్పటికీ తెలీదు.

నాలుగున్నరకి తొండం ఎడమకి తిరిగింది. సందులు నింపి, తుడిచి, చూస్తే మచ్చ కూడా లేదు! మునియప్పన్న దణ్ణం పెట్టాడు. సాయంత్రం అవ్వ వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిచి, తొండం ఎటుందో చూసి, తల ఊపింది. "ఎడమే. శానా బాగుండాది తల్లీ." ఆ రాత్రి నేను పసిపిల్లలా పడుకున్నాను.

శుక్రవారం పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. పాలు పొంగాయి, హారతి అయ్యింది. వీధి వాళ్ళంతా గోడ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. ఇద్దరు నా నంబర్ కూడా అడిగారు. నేను మొహమాటంగా నవ్వుతూ, లోపల ఏనుగెక్కి ఊరేగుతున్నాను.

"రూతమ్మా, ఇట్ల రా." అవ్వ కుర్చీ సరిగ్గా వినాయకుడి ఎదురుగా వేయించుకుంది. "ఆయన చేతిలో గిన్నె ఉండాది కదా, దాంట్లో ఏమి?"

"లడ్డూలవ్వా."

"మరి లడ్డూలు ఈ పక్కుంటే, తొండం ఆ పక్కకి ఏల తిప్పుకున్నాడే? నాకున్నెట్ల ఆయనకి గూడా షుగరా?"

చూశాను. బొమ్మంతా తిరగబడినప్పుడు తొండంతో పాటు లడ్డూల గిన్నె కూడా కుడిచేతికి వెళ్ళింది కదా! నేను తొండం ఒక్కటే వెనక్కి తెచ్చాను. పాపం స్వామి, కుడిచేతిలో నిండు గిన్నె పట్టుకుని, ఎవరో వద్దని గట్టిగా చెప్పినట్టు ఎడమవైపుకి తొండం తిప్పుకుని కూర్చున్నాడు. మునియప్పన్న ఏమో వరండా సీలింగ్‌ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

ఇంక దాచలేకపోయాను. బోర్లా కాగితం, స్క్రూడ్రైవరు, ఫోన్లో చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పేశాను. నంబర్ తీసుకున్న ఇద్దరూ నా వంక అదోలా చూశారు.

"స్క్రూడ్రైవర్ పెట్టింది పూజకి ముందరా, తర్వాతనా?" అంది అవ్వ.

"ముందరే అవ్వా."

"అయితే దోషం లేదు. దానికి కాదు నాకు బేజారు. నిన్న ఫోన్లో ఏల చెప్పలేదు?"

"భయమేసిందవ్వా."

"నాకు భయపడేదేంటికి? యాభై ఏండ్లుగా గాజులు తొడిగిస్తా ఉండా. చెయ్యి నొక్కేటప్పుడు ఎన్ని పగిల్నాయో! పగిలితే పగిలిందని చెప్పాల, ఇంగొగటి తొడగాల. అంతే కదమ్మా యాపారం." నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నా కళ్ళు తడిశాయి. అప్పుడావిడ గోడకేసి చూసి కిసుక్కున నవ్వింది. "ఉండనీలే. ఇంట్లో నేనొగదాన్నే పథ్యమని బాధపడతా ఉంటి. తోడు దొరికినాడు." అందరూ నవ్వేశారు.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. అవ్వ తమ్ముడి కొడుకు అత్తిబెలెలో షుగర్ డాక్టరు. ఓళిగ, అదే బొబ్బట్టు, తింటూ అంతా విన్నాడు. చేతులు కడుక్కుని నా దగ్గరకొచ్చాడు.

"మేడమ్, నా క్లినిక్‌లో వెయిటింగ్ హాల్ గోడకి అచ్చం ఇదే కావాలి. లడ్డూ ఆ చేతిలో, తొండం ఈ పక్కకి. అందరి దగ్గరా ఉండేలాంటిది వద్దు."

సోమవారం నుంచీ పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. గోడ మీద తొండం ఎడమకి, గిన్నె కుడికి రావాలంటే, కాగితం మీద తొండం కుడికి, గిన్నె ఎడమకి. కాదు కాదు, గిన్నె ముందే తప్పు కాబట్టి... ఐదు డ్రాయింగులు చింపాను. తప్పుని తప్పు లేకుండా చేయడం ఇంత కష్టమని నాకు తెలీదు! ఆఖరికి నిన్న మునియప్పన్నకి ఫోన్ చేసి, ఏం చేయమంటావన్నా అని అడిగాను.

"దానికేంటికమ్మా అంత యోచన?" అన్నాడు ఆయన, ఎంతో నెమ్మదిగా. "మీరు సరిగ్గా చేసేకి చూడండి చాలు. తప్పు దానంతట అదే వస్తాది."