పొగబావ మీద అర్జీలు

మా బావని వీధంతా పొగబావ అంటుంది. ఆ పేరు పెట్టింది నేనే, అందుకు నాకేమీ సిగ్గు లేదు. నేను లాండ్రీ నడుపుతాను. ఆయన మా పెరటి గోడకి అవతల మామిడి టెంకలు కాల్చి బొగ్గు చేస్తాడు. అక్క మొగుడైతే మాత్రం, తెల్ల దుప్పట్లు ఆరేసుకునే మనిషికి అంతకన్నా పగవాడు ఉంటాడా?

ఒకప్పుడు ఆయన పండ్లరసం ఫ్యాక్టరీలో టెంకలు ఎత్తిపోసే కూలి. రసం సీసాల్లోకి, టెంకలు వెనక మా గోడ పక్కనున్న మున్సిపాలిటీ ఖాళీ స్థలంలోకి. అవి కుళ్ళి ఈగలు ముసిరితే ముక్కు మూసుకోకుండా ముద్ద మింగలేకపోయేవాళ్ళం. కూలిపని పోయాక ఆ కుప్ప పక్కనే ఒక పాత ఇనప డ్రమ్ము పెట్టుకుని కూర్చున్నాడు. మొదట్లో అంతా బూడిదే. ఆత్రం మనిషి, డ్రమ్ము చల్లారకుండా మూత తీసేవాడు. గాలి తగలగానే లోపలి బొగ్గంతా భగ్గుమనేది. నేను గోడ మీంచి చూసి కడుపుబ్బ నవ్వుకునేదాన్ని.

తర్వాత నేర్చాడు. నాలుగు రోజులు ఎండిన టెంకలు డ్రమ్ములో నింపి కింద మంట పెడతాడు. ముందు తెల్లపొగ వస్తుంది, అది తడి. ఆ తర్వాత కళ్ళు మండించే పసుపు పొగ. పొగ పల్చబడి నీలంగా మారగానే మూత చుట్టూ బురద మెత్తి, మర్నాటిదాకా ముట్టుకోడు. గట్టి ముక్కలు నీళ్ళ ఫిల్టర్లు చేసేవాళ్ళు పట్టుకెళ్తారు. పొడిని గంజితో కలిపి పొయ్యిలోకి ఉండలు చేస్తాడు. సగం పొగని గొట్టంలో చల్లార్చి, ఆ నీళ్ళు పురుగులమందుగా తోటలవాళ్ళకి ఇస్తాడు. మిగతా సగం నాకు.

ఆరేళ్ళ కిందట అక్క పోయింది. డాక్టరు జ్వరమన్నాడు. నేను పొగే అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఆ రోజు నుంచి బావతో నాకు తిట్లు తప్ప మాటల్లేవు.

ఈ ఏడు ఫ్యాక్టరీ ఓనరుకి టెంకల విలువ తెలిసొచ్చింది. తానే బట్టీ పెడతానని ఆ స్థలం కోసం మున్సిపాలిటీకి దరఖాస్తు చేశాడు. బావ వచ్చి రెండేళ్ళే అయిందని కూడా రాశాడు. ఐదేళ్ళ నుంచి అక్కడే పని చేస్తున్నట్టు రుజువు చూపిస్తేనే బావకి స్థలం దక్కుతుంది. ఆయన దగ్గర చిత్తుకాగితం కూడా లేదు.

ఓనరు మా షాపుకొచ్చాడు. "ఆ పొగతో నువ్వెంత బాధపడ్డావో విచారణలో చెప్పమ్మా. నేనైతే చిమ్నీ కట్టిస్తా. నీ గుడ్డకి మసి అంటదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకప్పుడు బావ మీద పెట్టిన అర్జీల నకళ్ళు పెట్టెలోంచి తీసుకుని బయల్దేరాను. తారీఖుల సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

విచారణలో మున్సిపాలిటీ గుమాస్తా మొదటి కాగితం చూశాడు. "ఆఫీసు ముద్ర ఉంది. ఇది తొమ్మిదేళ్ళ కిందటిది కదమ్మా!"

ఓనరు మొహం మాడిపోయింది. చేజేతులా నేనే బావని గెలిపిస్తున్నానని అప్పుడర్థమైంది. గుమాస్తా పైకి చదవసాగాడు.

"పొగ వస్తున్న మాట నిజమే. దాన్ని గొట్టంలోకి మళ్ళించే పద్ధతి ఈయన నేర్చుకుంటున్నారు. స్థలం ఖాళీ చేయించవద్దు. దయచేసి కొంత గడువు ఇప్పించగలరు."

నేను చెప్పింది అది కాదు. తరిమెయ్యండని చెప్పాను. ఆఫీసు భాష నాకు రాదు, అక్కకి వచ్చు. మొగుడి మీద అర్జీ పెళ్ళాం చేతే రాయిస్తున్నానని మురిసిపోయేదాన్ని. నేను తిడుతూ చెబితే అక్క తల దించుకుని రాసేది, నేను చదవకుండా సంతకం గీకేదాన్ని. మూడేళ్ళలో ఏడు అర్జీలు. గుమాస్తా చదివిన ఏడింట్లోనూ అక్క గడువే అడిగింది. ఆఫీసు నుంచి ఒక్కడూ ఎందుకు రాలేదో ఇన్నాళ్ళకి తెలిసింది. నా కళ్ళముందే కూర్చుని నన్ను మోసం చేసింది. కోపం తన్నుకొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. నిలదీద్దామంటే అక్క లేదు.

బల్ల చివర నిలబడ్డ బావ ఆ కాగితం మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయనకీ తెలియదని మొహమే చెబుతోంది.

ఓనరు అందుకున్నాడు. "ఫిర్యాదు చేసేవాళ్ళు గడువు అడుగుతారా అండీ? ఇవి ఎవరో పుట్టించిన కాగితాలు. ఈమెనే అడగండి."

"చెప్పమ్మా," అన్నాడు గుమాస్తా. "ఇవి నీ మాటలేనా? కాదంటే పక్కన పెట్టేస్తా."

కాదంటే చాలు. అది నిజం కూడా. బావ మూట కట్టుకుంటాడు, నా దుప్పట్లు తెల్లగా ఆరతాయి. అక్క రాసింది మాత్రం దొంగకాగితం అయిపోతుంది.

"నావే," అన్నాను. "అక్షరం అక్షరం నేనే చెప్పాను. మా అక్క రాసిపెట్టింది, అంతే."

గుమాస్తా తారీఖులు రాసుకుని కాగితాలు నాకు తిరిగిచ్చాడు. బయట మెట్ల మీద బావ నా వెనకే వచ్చాడు. "ఆ కాగితాలు ఒక్కసారి చూపిస్తావా?"

"ముట్టుకోకు. ఆ మసి చేతులూ నువ్వూనూ."

కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడిగాడు. చొక్కాకి తుడుచుకుని వచ్చి రెండు చేతులూ చాపాడు. గోళ్ళ సందుల్లో మసి అలాగే ఉంది. ఒక్క కాగితం ఇచ్చాను. మిగతా ఆరూ ఇవ్వను.