ఈస్ట్ వేయని సీసాలు

ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో నా ప్రాజెక్టు పండు ఈగ అండాశయం మీద. మాది మైదుకూరు దగ్గర పల్లె. కర్నూలు హాస్టల్లో ఉండి చదివేదాన్ని. సెలవులకు ల్యాబు మూస్తారని ఈగల సీసాలు గదికి తెచ్చుకున్నాను. రవ్వా బెల్లమూ ఉడికించి, పైన ఈస్ట్ పొడి చల్లితే అదే వాటి తిండి. రెండో రోజుకే గదంతా కల్లు వాసన! తోటి పిల్లలు ముక్కు మూసుకున్నారు, వార్డెన్ నానా మాటలూ అంది. నాకు ఒళ్లు మండి ఈస్ట్ వేయడమే మానేశాను. ఈగలకు బెల్లం చాలదా, పెళ్లి భోజనం పెట్టాలా అనుకున్నాను.

ల్యాబు తెరిచేసరికి వైవాకు వారమే ఉంది. పది ఈగలను కోసి చూశాను. అండాశయాలన్నీ పీక్కుపోయి ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఎదిగిన గుడ్డు లేదు. స్లైడు చూపించలేకపోతే ఏడాది పోయినట్టే. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

ల్యాబ్ అటెండరుగా ఉన్న అక్క సీసా మూత తీసి వాసన చూసింది.

"ఏం పాపా, ఈస్టు వేయలేదా?"

"కల్లు వాసన వస్తాందని మానేసినా అక్కా."

"బాగుండాది నీ చదువు! కడుపుకు పెట్టకుండా గుడ్లు పెట్టమంటే యాడ పెడతాయి? ఇట్లియ్యి."

సీసాలు తన స్టోరు గదిలో పెట్టుకుని రోజూ ఈస్ట్ చల్లింది. ఆదివారం కూడా చర్చి నుంచి నేరుగా వచ్చింది. నాలుగో రోజు స్లైడు చూసి సంతోషం పట్టలేక అరిచాను. పదిహేను పోషక కణాలు, పక్కనే ఒక అండం. పదహారూ ఒకే కణం నుంచి విడివడినవే. ఆ పదిహేనూ తమలో ఉన్నదంతా సన్నటి దారుల గుండా అండానికి పోసి, చివరికి చచ్చిపోతాయి. ఆమెకూ చూపించి చెప్పాను.

"అయ్యో, శానా పెద్ద మనసు వీటిది," అంది.

వైవాకు వచ్చిన సార్ స్లైడును మెచ్చుకుని, "ఈగలను ఇంత బాగా పెంచిందెవరమ్మా?" అన్నాడు. అప్పుడే ఆమె టీ తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి గబగబా బయటికి పోయింది.

"నేనే సార్," అన్నాను. ఛీ, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈరోజు కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే ఆమె చలవే. మొన్న ఆమె ఇంటికి పోయి, చేతులు పట్టుకుని, "ఆ పొద్దు నీ మాట చెప్పలేదక్కా, తప్పయింది," అన్నాను.

ఆమె నవ్వింది. "నాకు తెలీదా పాపా? నేను ఎదురుగా ఉంటే 'నేనే' అనడానికి నీకు నోరు రాదనే గదా బయటికి పోయింది."