ముందు మూటలు, తర్వాత మనుషులు

ట్రయల్ బాబాయి చచ్చిపోవడానికి కూడా ముందుగా మూడుసార్లు ట్రయల్ వేసుకున్నాడు. సరే, మూడు కాదు, ఒకటిన్నర. మొదటిసారి మంచం మీద చేతులు కట్టుకుని పడుకుని, ఎవరెవరు ఎలా ఏడుస్తారో ఒక కన్ను తెరిచి చూశాడు. రెండోసారి సగంలో టీ వచ్చిందని లేచిపోయాడు. రెండోది ఒట్టేసి చెప్పొచ్చు. మొదటిదానికి కాస్త ఉప్పూ కారం కలిపిన మాట నిజమే.

ఆయన లిఫ్టు మెకానిక్కు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో, ఇసుక మూటలు పదిసార్లు పైకీ కిందకీ తిరిగొస్తే తప్ప ఒక్క మనిషిని కూడా కొత్త లిఫ్టులో అడుగు పెట్టనివ్వలేదు. "ముందు మూటలు, తర్వాత మనుషులు" అనేవాడు. ఆ అలవాటు డ్యూటీ దిగాక ఆయనతోపాటే ఇంటికి వచ్చేసింది. కొత్త కుర్చీ కొంటే వారం రోజులు అందులో మూట కూర్చునేది, ఆయన నేల మీద కూర్చునేవాడు. "పెళ్లి ఫొటోకి ముందు, నా బదులు గొడుగుల స్టాండు పక్కన నిలబడి ఒకటి తీయించుకున్నారు. అందులోనే బాగా నవ్వారు" అని ఆయన భార్య అందరికీ చెప్పేది.

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైపోయింది ఆయన ప్రాణస్నేహితుడు, దర్జీ. కొత్త చొక్కా కుట్టి ఇవ్వడం ఆలస్యం, బాబాయి అది తొడుక్కుని కటింగు బల్ల ఎక్కి, చేతులు పైకెత్తి, నాలుగు గుంజీళ్లు తీసి, బల్ల కింద దూరి అవతలికి తేలేవాడు.

"చంకలో పట్టేస్తోంది అన్నయ్యా."

"ఒరేయ్, చొక్కా వేసుకుని బల్ల కింద ఎవడూ దూరడురా!"

"నేను దూరాగా!"

దర్జీకి ఆ రోజుల్లో ఒకటే దిగులు. అంతకు మూడేళ్ల ముందు ఆయన భార్య ఎక్కిన బస్సు రోడ్డు పక్క గోతిలోకి ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆవిడకి ఒక చెప్పు పోయింది, దాంతోపాటు ధైర్యమూ పోయింది. అప్పటినుంచి చక్రాలున్నదేదీ ఎక్కలేదు. ఆవిడ అక్కయ్య ఉండేది రెండు గంటల దూరంలో, పల్లెటూళ్లో, తోట మధ్య ఇంట్లో. తుంటి ఎముక విరిగి, ఆ ఇంటి వరండా దాటలేని స్థితి. రోజూ ఫోన్లో "ఎప్పుడొస్తావే?" అనేది. ఈమధ్య అడగడం మానేసింది. ఆ మానేయడమే చెల్లెల్ని కోసేస్తోంది. రెండుసార్లు టాక్సీ పిలిపించింది. రెండుసార్లూ దాని తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

"రెండు కుటుంబాలం కలిసి వెళ్దాంరా. పక్కన మీరుంటే ఎక్కుతుందేమో" అన్నాడు దర్జీ.

"దానికేం అన్నయ్యా. ట్రయల్ వేశాక" అన్నాడు బాబాయి.

దర్జీ తల పట్టుకున్నాడు.

మర్నాడే బాబాయి కాగితం, పెన్సిలు పట్టుకుని దర్జీ భార్య ముందు దిగాడు.

"వదినా, మీ బరువెంత?"

"ఆడవాళ్లని అడిగే ప్రశ్నేనా అది?"

"పోనీ, డెబ్భై వేసుకుంటాను."

"యాభై ఎనిమిది!"

ఆదివారం లిఫ్టు కంపెనీ పాత వ్యానులో మూడు ఇసుక మూటలు ఎక్కాయి. దర్జీ బరువుకి ఒకటి, బాబాయి భార్య బరువుకి ఒకటి, శాలువా కప్పుకున్నది వదినది. పల్లెటూరు చూసి సాయంత్రానికి తిరిగొచ్చాయి. బాబాయి రిపోర్టు చదివాడు. "అన్నయ్య మూట మలుపు వచ్చినప్పుడల్లా నా మీద పడింది. మా ఆవిడ మూట దారంతా అలిగి కూర్చుంది. వదిన మూట మాత్రం కిటికీ పక్కన దొరసానిలా ఉంది. కిక్కురుమంటే ఒట్టు!"

"అయితే నాకంటే నా మూటే నయమన్నమాట" అని వదిన ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని చాలాకాలమైందని దర్జీకి అప్పుడు గుర్తొచ్చింది.

రెండో ట్రయల్‌కి వ్యాను కదల్లేదు. ఇంటి ముందే ఆపి, అందరూ ఎక్కి, అరగంట బఠాణీలు తిని దిగారు. మూడోసారి వీధి చివరిదాకా వెళ్లారు. వదిన కళ్లు గట్టిగా మూసుకుంది. నాలుగోసారి పెట్రోలు బంకుదాకా. ఒక కన్నే మూసుకుంది. అయిదు, ఆరు, ఏడు... దర్జీ సహనం చచ్చిపోయింది.

"ఒరేయ్, అసలు ప్రయాణం ఎప్పుడురా? మా ఆవిడ అక్కయ్య బతికుండగానేనా?"

"సీట్లు కిర్రుమంటున్నాయి అన్నయ్యా. ఇంకా ట్రయల్ కాలేదు."

ఎనిమిదో ట్రయల్ ఒక ఆదివారం, ఏటి వంతెనదాకా అన్నాడు. పదినిమిషాల పనే కదా అని వదిన ఇంట్లో తిరిగే చెప్పులతోనే ఎక్కింది. దర్జీ మెడలో టేపు అలాగే ఉంది. పక్కింటివాళ్ల కొత్త అద్దెదారు రోజూ పాటలు పాడుతూ ఎలా ప్రాణం తీస్తున్నాడో వదిన చెప్పడం మొదలుపెట్టింది. వంతెన వచ్చింది. వెళ్లిపోయింది.

"ఏమయ్యా, వంతెన దాటేశాం!"

"బ్రేకులు ఇంకాస్త చూడాలి వదినా. ఇంతకీ ఏం పాడతాడు?"

ఆవిడ పాడి చూపించింది. బాబాయి భార్య నవ్వలేక పొట్ట పట్టుకుంది. "వ్యాను తిప్పుకోడానికి చోటు లేదు" అన్నాడు బాబాయి. అటూ ఇటూ ఫుట్‌బాల్ ఆడుకునేంత ఖాళీ స్థలం. దర్జీ ఏదో అనబోయి, అద్దంలో బాబాయి చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

రెండు గంటల తర్వాత వ్యాను పసుపుపచ్చ గేటు ముందు ఆగింది. వరండాలో వాకరు పట్టుకుని అక్కయ్య నిలబడి ఉంది.

"ఇదేంటయ్యా, నేను సంచీ కూడా తెచ్చుకోలేదు!" అంది వదిన, దిగుతూనే పరిగెడుతూ.

"ట్రయల్‌కి సంచీ ఎందుకు వదినా?" అని బాబాయి బానెట్ ఎత్తి, అందులో తల దూర్చేశాడు. అక్కాచెల్లెళ్లు వరండాలో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ, కావలించుకుంటూ ఉన్న అరగంటా ఆ తల బయటికి రాలేదు.

దర్జీ లోపలికి తొంగి చూశాడు. బల్ల మీద అయిదు కంచాలు వేసి ఉన్నాయి. నేరుగా బానెట్ దగ్గరికి వచ్చాడు.

"అంతా ముందే అనుకున్నావు కదరా?"

"ఏమనుకున్నాను? చోటు దొరకలేదు."

"మరి అయిదు కంచాలు?"

"వాళ్లింట్లో కంచాలు ఎక్కువేమో!"

ఇప్పుడు వదిన నెలనెలా అక్కయ్య దగ్గరికి వెళ్లొస్తోంది. బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుతుంది కూడా. దర్జీ మాత్రం షాపుకి వచ్చిన ప్రతివాళ్లకీ ఈ కథ చెబుతాడు. బాబాయి అక్కడే బల్ల మీద కూర్చుని, టీ ఊదుకుంటూ, చివరిదాకా వింటాడు.

"శుద్ధ అబద్ధం. ఆ ఆదివారం నేను గడప దాటలేదు. అసలు నాకు వ్యాను నడపడమే రాదు."