అగ్నికొండకు ప్రయాణ సన్నాహం

పందొమ్మిది వందల ముప్ఫైల నడుమ ఒక వానాకాలంలో మా ఆయన పోయారు. కొల్లేటి లంకలో చిన్న బడి నడిపేవారు. సోమవారం పొద్దున్నే దోనె ఎక్కారు. దారిలో గాలివాన లేచి అది బోల్తా పడింది.

నేను ఏలూరు మిషన్ బళ్ళో పంతులమ్మను. పదోరోజున మళ్ళీ క్లాసుకు వెళ్ళాను. ఏడుపు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఏడుస్తూ ఉంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేదాన్ని.

మా హెడ్మిస్ట్రెస్ అమెరికా దొరసాని. ఏడాది సెలవు మీద స్వదేశం వెళ్తూ నన్ను వెంట రమ్మన్నారు.

"మా వైపు నిప్పు కక్కిన కొండ ఒకటుందండీ. దాన్నీ చుట్టూ ఉన్న అడవినీ కలిపి నేషనల్ పార్కు చేశారు. పైన ఎండాకాలంలో కూడా మంచే. మీరు చూడాలి."

"అలాగేనండీ," అన్నాను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా నేననే మాట అదే.

శనివారాలు ఆవిడ వరండాలో మ్యాపు పరిచేవారు. ఏ దారిన ఎక్కాలో, ఎక్కడ గుడారం వేయాలో వేలు పెట్టి చూపించేవారు. ఆ ఎత్తున గాలి పలచనట, ఊపిరి అందదట. అలవాటు కోసం నాచేత బడి మేడమెట్లు ఎక్కించి దించేవారు. ఎక్కమంటే ఎక్కేదాన్ని, దిగమంటే దిగేదాన్ని.

స్వెట్టరు అల్లుకోవడానికి ఉన్ని కావాలి. తివాచీలు నేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"ఇది తివాచీ ఉన్నండీ. ఒంటికి గుచ్చుకుంటుందమ్మా," అన్నాడు.

"పరవాలేదండీ."

నిజంగానే గుచ్చుకుంది. అల్లి, కొలత చూసుకోవడానికి తొడుక్కుని, ఆశ్వీజమాసపు ఉక్కలో విప్పడం మరిచిపోయి సాయంత్రందాకా అలాగే కూర్చున్నాను.

భీమడోలు వెళ్ళి అత్తగారితో చెప్పాను. కొడుకు పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది; ఆదివారాలు నేను వెళ్ళి అక్కడే భోంచేసేదాన్ని. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"అక్కడ నీళ్ళున్నాయా అమ్మాయ్?"

"కొండేనండీ అత్తయ్యగారూ. రాళ్ళూ మంచూను."

"అయితే వెళ్ళు తల్లీ."

అక్కడికి వెళ్ళాలంటే నెలకు పైగా సముద్రం మీద ఓడలో ఉండాలని నేను చెప్పలేదు. దాచాలనీ కాదు.

పాస్‌పోర్టు కాగితాల మీద సంతకం పెట్టాల్సిన రోజున దొరసానిగారు కలం అందించారు. పట్టుకున్నాను. కాసేపటికి కింద పెట్టేశాను.

"నేను రాలేనండీ."

"భయమా?"

"భయం కూడా లేదండీ. అక్కడికొచ్చి చూసినా నాకేమీ అనిపించదు. మీ కష్టం వృథా."

ఆవిడ బతిమాలలేదు. మ్యాపు మడిచి సొరుగులో పెట్టారు. క్రిస్మస్ కాగానే ఒక్కరే బయలుదేరారు. స్టేషన్‌కు వెళ్ళి చెయ్యి ఊపాను. బండి కదలగానే భీమడోలు వైపు వెళ్ళే బండి కోసం అవతలి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.

అత్తగారు అన్నం పెట్టింది. వెళ్ళడంలేదని చెప్పాను. ఎందుకని అడగలేదు, చారు పోసింది. రెండు ముద్దలు తిని ఆగాను.

"అత్తయ్యగారూ, చారులో ఉప్పు లేదండీ."

ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచో వెయ్యడం మరిచిపోతూనే ఉన్నానమ్మా. నాకూ తెలీడం లేదు. నువ్వూ అనడం లేదు," అంది.

తర్వాత లోపలికి వెళ్ళి ఉప్పు తెచ్చి, నా పక్కనే నేల మీద కూర్చుంది.