తవుడుకు కొన్న బిడ్డ

వెంకటగిరికోటకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఎవరూ అలారం పెట్టుకోరు. అంజమ్మ గొంతు ఉండగా దాంతో పనేముంది? తెల్లవారుజామున ఆమె ఆవును అదిలిస్తే, రెండు వీధుల అవతల టమోటా కోతకు పోవలసిన కూలీలు లేచి కూర్చుంటారు. అరవై రెండేళ్ల మనిషి. మూడెకరాల చేను, రెండు సీమావులు, మూడు నెలలు పోసి మూడు నెలలు అలిగే ఒక బోరు, అన్నింటినీ ఆ గొంతుతోనే నడిపిస్తుంది. మోటారును కూడా తిట్టే లేపుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. నేనైతే నమ్ముతాను.

అంతటి మనిషి ఒక్కరి ముందు మాత్రం నోరు విప్పేది కాదు. ఆ ఒక్కరూ ఆమె మనవరాలు, ఇరవై నెలల పిల్ల.

దానికి కారణం ఉంది. అంజమ్మకు మొదటి ముగ్గురు బిడ్డలూ ఏడాది నిండకుండానే పోయారు. నాలుగో కాన్పులో కొడుకు పుట్టగానే ఆమె అత్త ఆ పసిగుడ్డును చాటలో పెట్టి తీసుకెళ్లి పెంటతిప్ప మీద పడుకోబెట్టింది. పొరుగింటామె వచ్చి ఎత్తుకుని, "నాకు దొరికిన బిడ్డ" అంది. అంజమ్మ చాటెడు తవుడిచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. తవుడుకు వచ్చిన బిడ్డ మీద ఎవరి కన్నూ పడదని నమ్మకం. వాడికి తిప్పన్న అని పేరు పెట్టారు. ఆమె వాణ్ణి ముద్దు చేయలేదు, మెచ్చుకోలేదు, కళ్లలోకి చూసి పలకరించలేదు. వాడు బతికాడు. బడిలో చేరేటప్పుడు చంద్రశేఖర్ అయ్యాడు. ఇప్పుడు హార్స్లీ హిల్స్ మీద ఒక రిసార్టు వంటగదిలో పని చేస్తూ పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. ఆరడుగుల రుజువు కళ్లెదుట తిరుగుతుంటే అంజమ్మతో వాదించే మొనగాడెవడు?

కోడలు రాణికి తొలి కాన్పు దక్కలేదు. రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మళ్లీ అదే తిప్ప, అదే తవుడు. పిల్ల తిప్పి అయింది. "నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాది. ముద్దుమాటలు వద్దు, మురిపాలు వద్దు" అని అంజమ్మ కోడలికి గట్టిగా చెప్పింది. రాణి తలూపింది. బర్త్ సర్టిఫికెట్టులో మాత్రం తనకు నచ్చిన పేరు రాయించుకుంది. కాగితం మీది పేరును పట్టించుకునే తీరిక అత్తకు లేదు.

రాణి పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సెక్కి కర్ణాటక వైపున్న బట్టల ఫ్యాక్టరీకి పోతుంది, పొద్దుగూకే వేళకు వస్తుంది. రాణి బస్సెక్కకముందు అంజమ్మ పాలకేంద్రానికి పోయొచ్చే అరగంట తప్ప పిల్ల ఎప్పుడూ ఆమె దగ్గరే. ఆ సాకడంలో వంక పెట్టడానికి లేదు. వేళకు రాగిజావ, ఒంటికి నూనె, తలకు వేణ్ణీళ్లు. పిల్ల బొద్దుగా, నున్నగా ఉంది. నోట మాట మాత్రం లేదు.

కుప్పంలో పిల్లల డాక్టరు చెవులు చూశాడు, గొంతు చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. "ఇంట్లో ఈ పిల్లతో మాట్లాడేదెవరు?" అని అడిగాడు. రాణి అత్త వైపు చూసింది. అత్త పైన తిరిగే ఫ్యాను వైపు చూసింది.

"మీ ఊరి అంగన్‌వాడీలో పిల్లల్ని పెంచేవాళ్లకు తరగతులు పెడుతున్నారు. తప్పకుండా పోండి. రెండేళ్లకు కూడా మాట రాకపోతే బెంగళూరులో చూపించాల్సి వస్తుంది" అన్నాడు.

బస్సులో అంజమ్మ ఊరు చేరేదాకా సణుగుతూనే ఉంది. "నలుగుర్ని కన్నదానికి బిడ్డను సాకేది నేర్పిస్తారంట! సేపపిల్లకు ఈత నేర్పేదానికి పంతులు కావల్లంట!" కానీ తరగతులు శనివారాలు, రాణికి ఆ రోజు సెలవు లేదు. మాట రాదేమోనన్న భయం అంజమ్మ గుండెలోనూ ఉంది. పిల్లను చంకనేసుకుని తనే పోయింది.

అంగన్‌వాడీ గదిలో తొమ్మిదిమంది తల్లులు, గోడకు ఆనుకుని అంజమ్మ. టీచరు ఉష ఆ ఊరి కోడలే, ముప్పై దాటలేదు. కడుపులో బిడ్డ బొమ్మ ఒకటి గోడకు తగిలించి మొదలుపెట్టింది.

"ఏడో నెలకంతా కడుపులో బిడ్డకు మన గొంతు ఇనపడతాది. పుట్టినాక ఎంతమంది మాట్లాడినా అమ్మ గొంతు ఏదో గుర్తు పడతాది."

తల్లులు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. అంజమ్మ నవ్వలేదు. ఆ బొమ్మనే చాలాసేపు చూసింది. ఊరిని లేపే ఆ గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, ఉష దగ్గరకొచ్చి వినాల్సి వచ్చింది.

"టీచరమ్మా, నిలవకుండా పోయిన బిడ్డలకు గూడానా?"

ఉష ఆమె పక్కనే కూర్చుంది. "వాళ్లకు గూడా అత్తా. నీ గొంతు తెలిసే పుట్టింటారు."

ఆ రోజు అంజమ్మ దారిలో ఎవరినీ పలకరించకుండా నడిచింది. తొమ్మిది దినాలే ఉన్న మొదటి బిడ్డ తానెవరో తెలియకుండానే పోయిందని నలభై ఏళ్లుగా అనుకుంటోంది. ఆ పసికందుకు తన గొంతు తెలుసట! చేలో తిడుతూ, పాడుతూ, కూలీలను కేకేస్తూ తిరిగిన తన గొంతును లోపల ఒకరు వింటూ ఉన్నారట!

తర్వాత ఏ శనివారమూ మానలేదు. పని చేస్తూ చేస్తూనే బిడ్డకు చెప్పండి అని ఉష అంటే, అంజమ్మ దానికొక దొంగదారి కనిపెట్టింది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వేరుశనగ వలుస్తూ, ముఖం ఆవు వైపు తిప్పి, "ఇది సెనిక్కాయ. ఇది బొప్పి. దీన్ని వలస్తాండా" అనేది. దిష్టి చూస్తే ఆవుతో మాట్లాడుతోందనుకోవాలి. ఆ ఆవు మాత్రం నెలరోజుల్లో బాగా చదువుకుంది.

నాలుగో వారం ఒక ఆట పెట్టారు. పిల్లల్ని బొమ్మల ముందు కూర్చోబెట్టి, వెనకనుంచి పెద్దవాళ్లు మెల్లగా పేరు పెట్టి పిలవాలి. పిలిచిన పిల్లలు ఒక్కొక్కరే తిరుగుతున్నారు. అంజమ్మ వంతు వచ్చింది.

"తిప్పీ."

పిల్ల సీసా మూతలతో ఆడుతూనే ఉంది.

"తిప్పీ!" ఈసారి పక్క పిల్లలు కూడా తిరిగారు. తిప్పి ఒక్కసారి ఉలిక్కిపడి మళ్లీ మూతల్లో పడింది. డాక్టరు చెవులు బాగున్నాయన్నాడు కదా, మరి ఇదేమిటి?

ఉష రిజిస్టరు తెరిచి, సర్టిఫికెట్టులో ఉన్న పేరు చూసి, గుసగుసగా పిలిచింది. "హన్వికా..."

పిల్ల గిరుక్కున తిరిగింది. ముఖమంతా నవ్వు. ఉష వైపు చూసి, ఆమె కాదని, కళ్లతో గదంతా వెతికి, చివరికి గుమ్మం వైపు చెయ్యి చాపింది.

"అమ్మ" అంది.

తొమ్మిదిమంది తల్లులూ చప్పట్లు కొట్టారు. అంజమ్మ కదల్లేదు. ఆ పేరు తన ఇంట్లో ఎప్పుడూ వినలేదు. కానీ ఎవరో పిలుస్తున్నారు. రోజూ పిలుస్తున్నారు, అదీ గుసగుసగానే. ఎప్పుడు? తను పాలక్యాను పట్టుకుని గడప దాటే ఆ అరగంటలో. ఇరవై నెలలుగా ఆ బిడ్డను పేరు పెట్టి ముద్దుగా పిలిచినా బిడ్డకేమీ కాలేదు. గుండ్రాయిలా ఎదురుగా కూర్చుని నవ్వుతోంది.

సాయంత్రం కంపెనీ బస్సు ఆగేసరికి, ఎన్నడూ రాని అత్త పిల్లను ఎత్తుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. రాణి బెదిరిపోయింది. "ఏమైందత్తా? బిడ్డకు బాగుండాదా?"

"ఎన్నాళ్లనుంచి పిలుస్తాండావు దాన్ని?"

రాణి తల దించుకుంది. "పుట్టిన మూడో దినం నుంచి."

"అమ్మా అనింది ఈ పొద్దు."

"పోయిన నెల నుంచే అంటాందత్తా. సెప్తే దిష్టంటావని సెప్పలా."

అంజమ్మ ఇంటిదాకా పిల్లను కోడలికివ్వకుండా తనే మోసుకొచ్చింది.

సోమవారం పొద్దున ఆవులను పితికి, క్యాను తెచ్చి రాణి చేతిలో పెట్టింది. "పాలు నువ్వు పోసి రాపో."

"బస్సు టయిమవుతాదత్తా."

"పరిగెత్తు. నీకు ఇరవై నెలలు ఇచ్చినా గదా, నాకు ఒక్క అరగంట ఈలేవా?"

రాణి పరుగెత్తింది. పాలు పోసి, రొప్పుతూ వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. లోపల అత్త, ఆవు వైపు కాదు, పిల్లకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. ఊరిని లేపే ఆ గొంతు గడప దాటి రావడం లేదు.

"అన్నివికా..."

నోరు తిరగలేదు. అయినా పిల్ల తలెత్తి నవ్వింది.

"పలికింది సూడు, నా తల్లి" అంది అంజమ్మ. కళ్లు తుడుచుకుని మళ్లీ పిలిచింది. రోడ్డు మీద కంపెనీ బస్సు హారను మోగుతోంది. గడప దగ్గర రాణి, లోపలికి పోతే ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని, క్యాను పట్టుకుని అక్కడే నిలబడింది.