గళ్ల కోటు వీపు కుట్టు

చదువుకని విదేశం వచ్చాక, స్కార్‌బరోలో నా మొదటి చలికాలం అది. ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి నాలాంటి స్టూడెంట్లు వీధి మలుపు దాకా లైన్లో నిలబడే రోజులు. అమ్మ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకోబట్టి, హైదరాబాద్ ఆంటీ ఒకావిడ తన ఆల్టరేషన్ షాపులో నాకు పని ఇచ్చింది.

ఒక శనివారం పొద్దున, ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఎరుపు, ఆకుపచ్చ గళ్ల ఉన్ని కోటు తెచ్చారు. ఆ గళ్ల బట్టను టార్టన్ అంటారన్నారు. వీపు దగ్గర కత్తిరించి, ముక్క వేసి వెడల్పు చేయాలట. సాయంత్రం స్కాటిష్ సంఘం విందుకు వేసుకోవాలట. ఆంటీ సరేనని కోటు నా ముందు పెట్టింది.

ముట్టుకుంటే చిరిగేలా ఉంది. ఎంత పాతదని అడిగాను.

దాదాపు మూడు వందల ఏళ్ల నాటిదట. దాన్ని తొడుక్కున్న ఆయన పూర్వీకుడొకడు, సింహాసనం పోగొట్టుకున్న రాజవంశం కోసం తిరగబడ్డవాళ్లలో ఉన్నాడట. ఆ రోజుల్లో ఈ గళ్లు తొడుక్కున్నవాడు ఎవరి పక్షమో అడగనక్కర్లేదట. ఓడిపోయాక స్కాట్లండ్ కొండసీమలో మగవాళ్లు ఇలాంటి దుస్తులు వేసుకుంటే జైలే.

"అయినా మావాళ్లు కాల్చెయ్యలేదు. పరుపులో కుక్కి దాచారు," అన్నారు.

కత్తెర తీశాను. అప్పుడే తలుపు తోసుకుని ఆయన కూతురు వచ్చింది.

"నాన్నా! సోమవారం మ్యూజియం వాళ్లొస్తున్నారు. కోటు ఇస్తానని మాటిచ్చావు!" నా వైపు తిరిగి, "కత్తెర కింద పెట్టు," అంది.

"గాజుపెట్టెలో పెట్టడానికా వాళ్లు దాచింది?" అన్నారాయన. "కట్ చెయ్యమ్మా."

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఆంటీ తెలుగులో, "కస్టమర్ ఆయన. చెప్పింది చెయ్. లేకుంటే రేపట్నుంచి రాకు," అంది.

ఈ పని పోతే మళ్లీ ఆ లైన్లోకే.

"కట్ చెయ్యలేను ఆంటీ," అన్నాను. వీపు మీది పాత కుట్టు విప్పి అక్కడే ముక్క వేస్తాననీ, కావాలంటే తర్వాత తీసెయ్యొచ్చనీ ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తల ఊపారు.

కూతురు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఒక్కో దారం తెంపుతుంటే ముందుకు వంగి చూస్తోంది. రెండు గంటలు పట్టింది. బట్ట ఎక్కడా చిరగలేదు.

మర్నాడే ఆయన వచ్చి ముక్క తీసేయమన్నారు. విందు ఎలా జరిగిందని అడిగాను.

"అద్దెకు తెచ్చావా అని ఇద్దరు అడిగారు. మిగతావాళ్లు అదీ అడగలేదు."

పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి మళ్లీ కుట్టాను. కూతురు కారు దిగి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు.

ఆంటీ నన్ను తీసెయ్యలేదు. కానీ వారం రోజులు మాట్లాడలేదు.